తలల్లేని పెద్దలు

"చిరుత! చిరుత వచ్చింది!"

మెట్ల మీద నుంచి గుమాస్తా పెట్టిన ఈ కేకకి పాత ఫిల్ముల గోడౌన్‌లో ఎక్కడివాళ్లక్కడ ఎక్కేశారు. టైపిస్టు బల్ల ఎక్కింది. స్టోరుకీపరు బీరువా ఎక్కబోయి, అది తనకంటే ఎక్కువ వణుకుతోందని కిటికీ ఎక్కాడు. డైరెక్టరుగారు హోదాకి భంగం రాకుండా తాను కుర్చీలోనే ఉండి, కాళ్లని మాత్రం టేబులెక్కించారు.

కింద వ్యాన్ డ్రైవరు గొంతు చించుకుంటున్నాడు. "చిరుతేంటండీ బాబూ! చరిత్ర! పెట్టె మీద అదే రాసుంది. ఎవరో ఒకరు దిగొచ్చి సంతకం పెడితే నా దారిన నేను పోతాను."

"చరిత్రా?" టైపిస్టు బల్ల మీది నుంచే తొంగిచూసింది.

"చరిత్రేనంట" అన్నాడు గుమాస్తా, కాస్త నిరాశగా.

"ఓస్, అంతేనా!" అని ఆవిడ దిగి బట్టలు దులుపుకుంది.

"నీ చెవులకి చిలుం పట్టిందిరా నాయనా" అని స్టోరుకీపరు కిటికీలో నుంచి తిట్టాడు. "ఇంకోసారి చరిత్ర వస్తే నెమ్మదిగా చెప్పు."

"అది నెమ్మదిగా వస్తే నేనూ నెమ్మదిగానే చెప్తాను."

చరిత్రంటే మనవాళ్లకి అంత ధీమా. చిరుతకైతే ఆకలేస్తేనే కోపం. చరిత్ర కడుపు నిండి ఉన్నా కరుస్తుంది. ఆ సంగతి ఆ గోడౌన్‌లో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి ఏమీ ఎక్కలేదు. వెనక గదిలో, చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని, తెగిన ఫిల్ము ముక్కని వెలుగుబల్ల మీద ఆనించి టేపు వేస్తోంది.

ఆవిడని అందరూ అతుకులమ్మ అంటారు. చిరిగిన ఫిల్ముని ఆవిడ అతికితే, అతుకు ఎక్కడుందో ఆవిడే మళ్లీ వెతుక్కోవాలి. ఫిల్ము పక్కన ఉండే చిల్లులు తెగితే చిల్లుకి చిల్లు కలుపుతుంది. "మన అతుకులమ్మ చేతిలో పడితే ఎంత గతుకుల ఫిల్మైనా గతి బాగుపడుతుంది" అని డైరెక్టరుగారు సభల్లో చెబుతుంటారు. ఫిల్ముల గతి సరే, ఆవిడ ఇంటి గతి మాత్రం ఏ టేపుకీ అతకలేదు.

స్టోరుకీపరు పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇదిగోనమ్మా నీ చిరుత. మూత తియ్యి, గుర్రుమంటుందేమో చూద్దాం."

మూత తీస్తే గుప్పుమంది. పాత ఫిల్ము పాడయ్యేటప్పుడు వెనిగర్ వాసన వేస్తుంది. ముక్కు నలిపేసుకుంటూ ఆవిడ మొదటి మూర ఫిల్ము లాగి వెలుతురులో పట్టుకుంది. వరసగా మోకాళ్లు. ప్యాంట్లు, పావడాలు, వాటికింద మోకాళ్లు, బూట్లు. ఒక్క బొమ్మకీ తల లేదు.

ఆవిడ ఆ ముక్కని వదిలేసి, చేతి తొడుగులు విప్పి, మళ్లీ తొడుక్కుంది.

"ఏమ్మా, పాడైపోయిందా?" అన్నాడు స్టోరుకీపరు.

"లేదన్నా. బాగానే ఉంది. అదే బాధ."

*

ఆ బొమ్మల సినిమా పొడవు బడిలో ఒక పిరియడ్‌లో సగం కూడా ఉండదు. ఊళ్లో బట్టల మిల్లు కాలిపోయిన మరుసటి ఏడు ఒక డ్రాయింగు మాస్టారు తన ఇంట్లో కూర్చుని తీశాడు. అట్టలు కత్తిరించి, రంగులు వేసి, కీళ్ల దగ్గర దారంతో కట్టిన బొమ్మలు. వాటిని గాజు బల్ల మీద పడుకోబెట్టి, వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో, ఇంకో వెంట్రుకవాసి జరిపి ఇంకో ఫోటో. అలా అతుకూ బొతుకూ పడి అవి నడిచేవి. పెద్ద అట్టహాసమేం లేదు, ఉన్నదల్లా అట్టే.

కథ చెప్పేది ఒక చిన్నపిల్ల. రాజులూ యుద్ధాలూ లేవు అందులో. "మా ఊళ్లో పెద్దవాళ్లకి మోకాళ్లుంటాయి" అని మొదలవుతుంది. "పొద్దున్నే బడి గంట కొడుతుంది. తర్వాత మిల్లు కూత కూస్తుంది. గంటకి మేం పరిగెత్తుతాం. కూతకి పెద్దవాళ్లు పరిగెత్తుతారు. కుక్క రెండింటికీ పరిగెత్తుతుంది." మాస్టారు ఆ పిల్ల కళ్ల ఎత్తులోనే బొమ్మలన్నీ గీశాడు. పిల్లకి ఎంతవరకు కనిపిస్తే అంతవరకే. అందుకే పెద్దవాళ్లెవరికీ ఛాతీ పైన ఏమీ లేదు. ఊరి పెద్దలకి తల ఉండదని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చెప్పాలి గదా, ఆ సినిమా చెప్పేసింది.

నవ్వు అక్కడితో ఆఖరు. తర్వాత వచ్చే దృశ్యంలో పిల్ల, కుక్కా మిల్లు వెనక గేటు దగ్గర నిలబడి ఉంటారు. ఆ పిల్ల పిన్ని లోపల పని చేస్తోంది. "ఒకాయన వచ్చి గేటుకి తాళం వేశాడు. తర్వాత పొగ వచ్చింది. లోపల నుంచి చేతులు కనబడ్డాయి. కుక్క అరిచింది. పిన్ని రాలేదు."

తాళం వేసినాయనకీ తల లేదు. చొక్కా ఉంది, చెయ్యి ఉంది, చేతిలో తాళం ఉంది. ఆ చెయ్యి ఎడమ చెయ్యి.

తాళం ఎవరు వేశారో తెలియరాలేదన్నది పెద్దల విచారణ. ఎడంచేతివాడన్నది పిల్లల సినిమా. ఊరు పిల్లల మాటే నమ్మింది. పిల్లలు అబద్ధమాడరు కదా మరి! మిల్లు కాపలావాళ్లలో ఎడమచేతి వాటం ఉన్నవాడు ఒక్కడే. ఆయన "అయ్యా, ఆ పూట నేను ముందు గేటు దగ్గరున్నాను, వెనక్కి పోనే లేదు" అని మొత్తుకున్నాడు. ముందు గేటు దగ్గర ఆయన్ని చూసినవాళ్లు లోపలే ఉండిపోయారు. తాళం వేసినవాడెవడో హాయిగా తాళాడు, వెయ్యనివాడు తాళలేకపోయాడు.

ఆ కాపలా ఆయనే మన అతుకులమ్మ నాన్న.

సినిమా బడికి వచ్చిన రోజు ఆవిడకి ఇప్పటికీ తెరిచిన పుస్తకమే. కిటికీలకి దుప్పట్లు కట్టారు. చీకట్లో పిల్లలంతా కుక్కని చూసి నవ్వుతున్నారు, తనూ నవ్వుతోంది. ఎడమ చెయ్యి తెర మీదికి రాగానే పక్కన కూర్చున్న పిల్ల నవ్వు మధ్యలోనే ఆపి, "ఏయ్, మీ నాన్నే!" అంది. ముందు బెంచీ వెనక్కి తిరిగింది. ఆ ముందు బెంచీ కూడా. సినిమా అయ్యేసరికి తెరని చూస్తున్నవాళ్లు ఎవరూ లేరు, అందరూ ఆమెనే చూస్తున్నారు.

ఆ తర్వాత ఏటేటా ఆ సినిమా వచ్చేది, ఏటేటా ఆయన పేరు కొత్త పిల్లలకి తెలిసేది. అసలు పేరు కాదు, 'తాళంచెయ్యి'. ఆయన కాపలా పని మానేసి గొడుగులు బాగుచేసుకుని బతికాడు. ఇంట్లో ఎడమ చేత్తో చువ్వలు వంచేవాడు. గుమ్మం దాటితే ఆ చెయ్యి జేబులో. ఎవరైనా చూస్తుంటే కుడిచేత్తో గ్లాసు ఎత్తుకుని సగం నీళ్లు చొక్కాకి తాగించేవాడు.

*

"శుక్రవారం సాయంత్రం, టౌన్‌హాల్లో" అన్నారు డైరెక్టరుగారు. ఆయన ఈ ఊరికి బదిలీ మీద వచ్చారు, పాత సంగతులు తెలియవు. "మిల్లు స్థలంలో పోయినవాళ్ల పేర్లతో గోడ కట్టారు కదా, ఆ రోజే తెరుస్తున్నారు. రాత్రికి కాదులే, దీపాలు పెట్టకముందే మన బొమ్మ వేసేస్తాం. దేశంలో మిగిలిన ప్రతి ఇదొక్కటేనమ్మా. నువ్వు దాన్ని బతికించాలి."

"ఈసారికి ఇంకెవరికైనా ఇవ్వండి సార్."

"ఇంకెవరున్నారు? ఆ కుర్రాడికిస్తే అతికినచోట ప్రొజెక్టరు ఎక్కిళ్లు పెడుతుంది. ఒక్క ఫ్రేము కూడా పోకూడదు. ఉన్నది ఉన్నట్టు."

"ఉన్నది ఉన్నట్టు అంటే..." అని ఆవిడ ఆగిపోయింది. చెబితే ఆయన జాలిపడి వేరేవాళ్లకిస్తారు. వేరేవాళ్లకిచ్చినా తెర మీద పడేది ఆ చెయ్యే. "సరే సార్" అంది.

ఇంటికొచ్చి చెప్పేసరికి నాన్న ఒక గొడుగు పొట్ట విప్పుకుని కూర్చున్నాడు.

"మళ్లీ తీశారా దాన్ని?" అన్నాడు. "పోయిందనుకున్నానే. దుమ్ము కొట్టుకు పోయిందనుకున్నా."

"ఒక్క ప్రతి మిగిలింది నాన్నా. నా దగ్గరికే వచ్చింది."

"నీ దగ్గరికే వచ్చిందా!" ఆయన నవ్వాడు. "బాగుంది. ఊరంతా తిరిగి తిరిగి ఇంటికే వచ్చింది, తప్పిపోయిన గేదెలాగా." తర్వాత చాలాసేపు చువ్వ వంచుతూనే ఉన్నాడు, అది ఎప్పుడో వంగినా సరే. "నువ్వు కత్తిరించి అతికితే ఎవరికీ కనబడదంటారు కదమ్మా?"

ఆవిడకి అర్థమైంది. అర్థం కానట్టు, "అంటారు" అంది.

"ఆ ముక్క ఎంతుంటుంది?"

"మూరెడు. మూరెడు లోపే."

"మూరెడు" అన్నాడాయన. "నేనెప్పుడూ నిన్నేమీ అడగలేదు. బడి మార్పించమని నువ్వేడ్చినప్పుడు కూడా, తలొంచుకోకు అనే చెప్పాను. ఇప్పుడడుగుతున్నా. నాకు ఇంకెంత కాలం ఉంది చెప్పు? ఆ కాస్తా చెయ్యి బయట పెట్టుకుని పోనియ్యి."

"అది తీసేస్తే గేటు దానంతటదే మూసుకున్నట్టుంటుంది నాన్నా. పిన్ని ఎందుకు రాలేదో తెలీదు ఆ పిల్లకి."

"ఆ పిల్లకి తెలీకపోతే పోనీ. నా పిల్లకి తెలుసు కదా నేను వెయ్యలేదని." ఆయన తలెత్తి చూశాడు. "తెలుసు కదా?"

"తెలుసు నాన్నా" అంది ఆవిడ. వెంటనే అనలేదు. మాటకి ముందు ఒక క్షణం ఖాళీ పడింది. ఆ ఖాళీ ఇద్దరికీ వినబడింది. బెంచీలన్నీ వెనక్కి తిరిగి చూస్తున్నప్పుడు, పిల్లగా తనూ ఒకసారి నాన్న చెయ్యి వైపు చూసింది మరి. ఆ చూపు ఏ రీలులోనూ లేదు. అయినా చెరగలేదు.

నాన్న గొడుగు మూసేశాడు. "పడుకో తల్లీ. నేనేదో అన్నాలే."

*

మర్నాడు పొద్దున ఆవిడ ఆ దృశ్యం దగ్గరికి ఫిల్ముని తిప్పి, మొదట్లో ఒక పసుపు దారం, చివర ఒక పసుపు దారం గుర్తు పెట్టింది. మధ్యలో మూరెడు. అతికే బల్ల మీద బ్లేడు పైకెత్తి ఉంది. దించితే టక్కుమంటుంది, అంతే. అతకడానికి పుట్టిన చెయ్యి కోతకి దిగనంటోంది. దిగనంటున్నది చెయ్యో, మనసో ఆవిడకే తెలియలేదు.

"ఏంటమ్మా, ఆ బ్లేడుకి దండం పెడుతున్నావా?" అంటూ ప్రొజెక్టరు నడిపే బాబాయ్ లోపలికొచ్చాడు. ఆయన్ని అంతా లైటు బాబాయ్ అంటారు, ఏదీ సీరియస్‌గా తీసుకోడు కాబట్టి రెండు విధాలా సరిపోయింది. పసుపు దారాలు చూశాడు. ఆ ఊరివాడే. ఎక్కడి ముక్కో ఆయనకి చెప్పక్కర్లేదు. మొదటిసారి నవ్వలేదు.

"నేను చూళ్లేదమ్మా" అన్నాడు. "నా కళ్లజోడు ఇంట్లో ఉంది."

"నీ ముక్కు మీదే ఉంది బాబాయ్."

"అయితే తుడుచుకోలేదు. నువ్వు ఏం చేసినా నేను రీలు ఎక్కిస్తాను, అంతే." కాస్త ఆగి, "మేం కుర్రాళ్లప్పుడు మీ ఇంటి ముందు సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయేవాళ్లం, తాళంచెయ్యి, తాళంచెయ్యి అని. మీ నాన్న ఒక్కసారి కూడా బయటికి రాలేదు. వచ్చి ఒకటి పీకినా బాగుండేది" అన్నాడు.

ఆవిడ బ్లేడు పట్టుకుంది. అప్పుడే వసారాలో ఒక గొంతు ఖంగుమంది.

"ఎవరండీ లోపల! చరిత్ర ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది?"

మైకక్క. బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే మనిషి. మైకు లేకపోయినా మైకున్నట్టే మాట్లాడుతుంది, వినేవాళ్లకే మైకం కమ్ముతుంది. సినిమాలో కథ చెప్పిన చిన్నపిల్ల ఈవిడే. శబ్దం అరిగిపోయిన చోట ఏ మాట ఉందో చెబుతుందని డైరెక్టరుగారు కబురుపెట్టారు.

"నువ్వేనా అతుకులమ్మవి? కూర్చో కూర్చో, లేవకు. నా గొంతు విని అందరూ లేస్తారు, బస్సు వచ్చిందనుకుంటారు." కుర్చీ లాక్కుంది. "నేనా సినిమా చూసి ఎన్నేళ్లయిందో! చూడబుద్ధి కాలేదు. మా పిన్ని పోయాక మా ఇంట్లో ఎవరం దాని పేరెత్తలేదు."

అతుకులమ్మ బ్లేడు వదిలి లేచింది. ఈ మనిషి చిన్నప్పుడు ఆ సినిమాలో అన్న ఒక్క మాట తన బెంచీలన్నిటినీ వెనక్కి తిప్పింది. ఈ క్షణం కోసం ఎన్ని మాటలు దాచుకుందో, తీరా చూస్తే ఒక్కటీ రాలేదు. "అక్కా" అంది. "ఒకటి అడగనా? తాళం వేసినాయన ఎడమ చేత్తోనే వేశాడా?"

మైకక్క ముఖంలో వెలుగు కాస్త తగ్గింది. "సినిమాలో అంతే కదా."

"సినిమాలో కాదు. ఆ రోజు."

"ఆ రోజా..." ఆవిడ గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతంత అయింది. "నిజం చెప్పనా? నాకు ఆ రోజు గుర్తులేదమ్మా. సినిమానే గుర్తుంది. కళ్లు మూసుకుంటే మా పిన్ని కూడా అట్టబొమ్మలాగే నడుస్తుంది. ఆ సినిమా నా రోజుని తినేసింది."

లైటు బాబాయ్ ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి రీలుని చిన్న తెర మీద వేశాడు. మోకాళ్లు వచ్చాయి. బడి గంట కొట్టింది. చెవి తెగిన కుక్క పరిగెత్తింది.

"అదిగో, దొంగముండాకొడుకు!" మైకక్క పకపకా నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. "మా కుక్కే అది. ఇదిగో, దీనికోసం మాస్టారితో ఎంత పోట్లాడానో! చూడు, ఇప్పుడు బడివైపు పోతోంది, కుడి చెవి తెగింది. ఇప్పుడు మిల్లువైపు తిరుగుతుంది, చూడు... ఎడమ చెవి! 'మా కుక్కకి ఒక్క చెవే తెగింది, నువ్వెందుకు రెండూ తెంపావు?' అని ఆయన గదిలో కింద పడి దొర్లాను."

"ఆయనేమన్నాడు?" అంది అతుకులమ్మ.

"ఏమంటాడు, నవ్వాడు. 'అట్టబొమ్మకి వెనక్కి తిరగడం రాదమ్మా, అటు పోవాలంటే తిరగెయ్యడమే' అని కుక్కని బల్ల మీద బోర్లా వేసి చూపించాడు. వెనక కూడా రంగులేసే ఉన్నాయి. ఒక్కడే కదా, ఎన్ని బొమ్మలని కత్తిరిస్తాడు? ముందుకి బొమ్మ, వెనక్కి బొరుసు. నేను మాత్రం రెండ్రోజులు అన్నం మానేశాను, మా కుక్క పరువు పోయిందని."

అతుకులమ్మ నిలబడ్డచోటే నిలబడిపోయింది. "బాబాయ్, వెనక్కి తిప్పు."

"ఎంతవరకు?"

"మొదటిదాకా."

మళ్లీ చూశారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. సినిమాలో బడి ఎప్పుడూ కుడివైపు, మిల్లు ఎప్పుడూ ఎడమవైపు. పిన్ని బడి ముందు నుంచి పోతున్నప్పుడు సంచీ కుడిచేతిలో, మిల్లువైపు తిరగ్గానే ఎడమచేతిలో. బడి పంతులు గడియారం ఒకసారి ఈ మణికట్టుకి, ఒకసారి ఆ మణికట్టుకి. మిల్లుకి వెళ్లినవాళ్లందరూ ఎడమచేతివాళ్లే. తిరిగొచ్చినవాళ్లందరూ కుడిచేతివాళ్లే. ఊరు మొత్తం దారిలో చేతులు మార్చుకుంటోంది, ఇన్నేళ్లుగా ఎవరూ చూడలేదు. అందరూ చూసింది ఒక్క చెయ్యినే.

గేటు వచ్చింది. తలలేని ఆయన వచ్చాడు. అతుకులమ్మ తెర దగ్గరికి పోయి ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడింది. "జేబు" అంది. "చొక్కా జేబు చూడు బాబాయ్. ఎటుంది?"

లైటు బాబాయ్ తన జేబు తడుముకున్నాడు. ఎడమవైపు ఉంది. తెర మీది ఆయనకి కుడివైపు ఉంది.

"తిరగేశాడు" అన్నాడు. "మాస్టారు ఆయన్నీ తిరగేశాడు."

మైకక్కకి ఇంకా అందలేదు. "అయితే ఏంటమ్మా? కుక్కనీ తిరగేశాడుగా."

"అక్కా, ఆ ఎడమ చెయ్యి వల్ల మా నాన్న..." అని మొదలుపెట్టి అతుకులమ్మ మొత్తం చెప్పింది. దుప్పట్లు కట్టిన కిటికీలు, సైకిలు బెల్లులు, కుడిచేత్తో ఒలికిన నీళ్లు. చెబుతూ చెబుతూ పసుపు దారాలు రెండూ ఫిల్ము మీద నుంచి లాగేసి పిడికిట్లో నలిపింది.

బస్టాండంతా వినేలా మాట్లాడే మనిషి ఆ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "శుక్రవారం మైకు నాకియ్యమను" అంది.

*

నాన్న రానన్నాడు. "వస్తే చెయ్యెక్కడ పెట్టుకోను?"

"జేబులో పెట్టుకో. అలవాటేగా" అంది కూతురు. ఆ మొరటు మాటకే ఆయన బయల్దేరాడు.

టౌన్‌హాలు నిండిపోయింది. కొత్త గోడ దగ్గర నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఆయన వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కవరసలో ఇద్దరు మోచేతులతో పొడుచుకోవడం అతుకులమ్మ ప్రొజెక్టరు గది కిటికీలో నుంచి చూసింది.

సినిమా ఆడింది. కుక్కకి నవ్వారు. చెయ్యి రాగానే హాల్లో తలలు మెల్లగా వెనక్కి తిరగడం మొదలైంది. అవే బెంచీలు, మనుషులే పెద్దయ్యారు.

"ఆపనా?" అన్నాడు లైటు బాబాయ్.

"ఆపితే దీపం వేడికి ఫిల్ము కాలుతుంది. అయ్యాక వెనక్కి చుట్టి మళ్లీ వెయ్యి."

సినిమా అయిపోయి తెర తెల్లబోయింది. జనం గొణిగారు. మైకక్క మైకు పట్టుకుంది. "ప్రయాణికులకు గమనిక! చిన్నప్పుడు ఈ కథ చెప్పిన గొంతు నాదే. ఇంకోసారి వేస్తున్నాం. ఈసారి మనుషుల్ని చూడొద్దు, మా కుక్క చెవి చూడండి."

నవ్వులు పడ్డాయి. కుక్క బడివైపు పరిగెత్తింది. "కుడి చెవి!" అన్నారు ఎవరో. మిల్లువైపు తిరిగింది. "ఎడమ చెవి!" నవ్వు పెరిగింది.

"ఇప్పుడు మా పిన్ని సంచీ చూడండి. ఇప్పుడు పంతులుగారి గడియారం. చూశారా? మిల్లువైపు వెళ్లు ప్రయాణికులందరూ దయచేసి ఎడమచేతివారుగా మారవలెను! అవి అట్టబొమ్మలు, వాటికి వెనక్కి తిరగడం రాదు. మాస్టారు వాటిని దిండు తిరగేసినట్టు తిరగేసేవాడు. నా కళ్లతో నేను చూశాను. ఇదిగో, గేటు వస్తోంది. తాళం వేసినాయన జేబు ఎటుందో చెప్పండి. మీ చొక్కా జేబు ఎటుందో తడుముకుని మరీ చెప్పండి!"

చీకట్లో చొక్కాలు గరగరమన్నాయి. నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది.

"కుడివైపు" అంది ఒక ఆడగొంతు, చాలా చిన్నగా.

"కుడివైపు జేబు పెట్టి ఈ ఊళ్లో ఎవరైనా చొక్కా కుట్టారా? లేదు. బొమ్మ తిరగబడింది, అంతే. తాళం ఎడమచేతిలోకి ఎలా వచ్చిందంటే, మా కుక్కకి రెండో చెవి తెగినట్టే వచ్చింది. ఈ సినిమా చూసి మనందరం ఒక మనిషిని ఇన్నేళ్లు..." మైకక్క మైకు దించి, మళ్లీ ఎత్తింది. "ఆ మనిషి వెనక నిలబడ్డాడు."

ఈసారి తలలు తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాల్లేదు.

కాసేపటికి అదే ఆడగొంతు మళ్లీ అడిగింది. "మరి వేసిందెవరు?"

"నాకు తెలీదమ్మా" అంది మైకక్క. "నేనంత ఎత్తు లేను. తల కనబళ్లేదు."

"నేను చెప్తాను" అన్నాడు నాన్న, గోడ దగ్గర నుంచి. గట్టిగా కూడా అనలేదు. "ఆ గేటుకి రోజూ తాళం పడేది. పని మధ్యలో ఎవరూ బయటికి పోకుండా. ఫలానావాడే వెయ్యాలని లేదు, ఎవరు దగ్గరుంటే వాళ్లు వేసేవాళ్లు. మేస్త్రీలు వేసేవాళ్లు, గుమాస్తాలు వేసేవాళ్లు, మీ నాన్నలు వేసేవాళ్లు. వేరే రోజుల్లో నేనూ వేశాను. ఆ రోజు నేను కాదు. ఆ రోజు ఎవరో, వేసినాయనకి తెలుసు. ఆయన ఉంటే." ఊపిరి పీల్చుకున్నాడు. "వాటం ఒక్కటే నాది. వాటా అందరిదీ."

ముందు వరసల్లో కొందరు పెద్దవాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటినే చూసుకుంటున్నట్టు వంగి కూర్చున్నారు. పైన గదిలో రీలు ఖాళీగా తిరుగుతూ తోకతో టపటప కొట్టుకుంటోంది. అతుకులమ్మ దాన్ని చేత్తో పట్టి ఆపింది.

లైటు బాబాయ్ కిటికీలో నుంచి తల బయటపెట్టి అడిగాడు.

"లైట్లు వెయ్యనా?"

హాల్లో ఎవరూ వెయ్యమనలేదు.